లాస్ వేగాస్ క్రాప్స్ టేబుళ్లు: కొసరు సరే, అసలెంత?

క్రాప్స్ అంటే రెండు పాచికలతో ఆడే జూదం. లాస్ వేగాస్‌లో ఏ క్రాప్స్ టేబుల్ దగ్గరికి వెళ్లినా లోపలి అంచున చిన్న బోర్డు కనిపిస్తుంది. కనీస పందెం ఎంత, గరిష్ఠం ఎంత, ఆడ్స్ (అసలు పందెం వెనక పెట్టే అదనపు పందెం) ఎన్ని రెట్లు అన్నది దాని మీదే ఉంటుంది. క్యాసినోలు పోటీ పడి చాటుకునేది ఆడ్స్ రెట్లను. ఆటగాడి జేబుకు చిల్లు పెట్టేది మాత్రం కనీస పందెం. టేబుల్ ఎంచుకునేటప్పుడు చాలామంది తిరగేసి చూస్తారు, అసలు కంటే కొసరే ముద్దు కదా.

ఆ కొసరు ఏమిటంటే, పాస్ లైన్ అనే అసలు పందెం మీద 15 డాలర్లు పెట్టారనుకోండి. మొదటి విసురుకు 7 గానీ 11 గానీ పడితే గెలిచినట్టు, 2, 3, 12 పడితే పోయినట్టు. ఇంకేది పడినా అది పాయింట్. అది మళ్లీ 7 కంటే ముందు పడితేనే డబ్బు వస్తుంది. ఈ పందెంలో క్యాసినో వాటా, అంటే సగటున దానికి మిగిలేది, 1.41 శాతం. పాయింట్ తేలాక ఆ చిప్పుల వెనకాల ఇంకొన్ని పెట్టనిస్తారు, అదే ఆడ్స్ పందెం. 4, 10 మీద ఒకటికి రెండు, 5, 9 మీద రెండుకు మూడు, 6, 8 మీద ఐదుకు ఆరు ఇస్తారు. పాచికల లెక్క ప్రకారం రావలసింది సరిగ్గా అంతే కాబట్టి, ఇందులో క్యాసినోకు పైసా మిగలదు. టేబుల్ గుడ్డ మీద ఈ పందేనికి గడి గీయకపోవడం ఊరికే కాదు.

మిగలనిదాన్ని ఇవ్వడంలో పోటీ ఎందుకంటే, అది జనాన్ని రప్పిస్తుంది. 1990లలో ఫ్రీమాంట్ స్ట్రీట్‌లోని బినియన్స్ హార్స్‌షూ 100 రెట్ల ఆడ్స్‌తో పేరు మోసింది. ఆ తర్వాత స్ట్రిప్ అనే పెద్ద క్యాసినోల వీధిలో క్రామ్‌వెల్ 100 రెట్లకు, డౌన్‌టౌన్‌లో మెయిన్ స్ట్రీట్ స్టేషన్ 20 రెట్లకు పేరు తెచ్చుకున్నాయి. స్ట్రిప్‌లోని పెద్ద క్యాసినోల్లో మామూలుగా కనిపించేది 3-4-5 పద్ధతి: 4, 10 మీద మూడు రెట్లు, 5, 9 మీద నాలుగు, 6, 8 మీద ఐదు. పూర్తి ఆడ్స్ పెట్టి గెలిస్తే పాయింట్ ఏదైనా ఆడ్స్ మీద లైన్ పందేనికి ఆరు రెట్లే వస్తుంది. డీలర్‌కు లెక్క తేలిక, ఆట వేగం తగ్గదు. పేరున్న చోటైనా సరే, బోర్డు చూడకుండా చిప్పులు పెట్టొద్దు. ఇవి మారుతుంటాయి.

ఆడ్స్ కలిపి చూస్తే క్యాసినో వాటా 3-4-5లో 0.37 శాతం, 10 రెట్లకు 0.18, 20 రెట్లకు 0.10, 100 రెట్లకు 0.02. ఈ అంకెలు చూసే చాలామంది మోసపోతారు. 15 డాలర్ల లైన్ పందెం మీద సగటు నష్టం ఒక్కో పందేనికి 21 సెంట్లు. వెనకాల 30 డాలర్లు పెట్టినా, 1,500 పెట్టినా ఆ 21 సెంట్లు కదలవు. శాతం తగ్గేది కింద భాగించే అంకె పెరగడం వల్లే. గంటకు 100 విసుర్లు పడితే సుమారు 30 లైన్ పందేలు తేలతాయి. 5 డాలర్ల టేబుల్‌లో గంట ఖర్చు సుమారు 2 డాలర్లు, 15 డాలర్ల దాంట్లో ఆరున్నర, 25 డాలర్ల దాంట్లో పదిన్నర. అంటే రెండు రెట్ల ఆడ్స్ మాత్రమే ఇచ్చే 5 డాలర్ల టేబుల్, 100 రెట్లు ఇచ్చే 15 డాలర్ల టేబుల్ కంటే మూడింతలు చవక.

ఆడ్స్‌తో నిజంగా పెరిగేది ఊపు. 15 డాలర్ల లైన్, పూర్తి 3-4-5 ఆడ్స్‌తో గంట ఆడితే 400 డాలర్లు అటో ఇటో పోవడం మామూలే. అదే లైన్ వెనక 20 రెట్లు పెడితే ఆ ఊపు 1,700కు చేరుతుంది. 300 డాలర్లతో వచ్చినవాళ్లు వరసగా నాలుగుసార్లు సెవెన్ అవుట్ అయితే, అంటే పాయింట్ కంటే ముందు 7 పడితే, పూర్తి 3-4-5తో కూడా పర్సు ఖాళీ అయిపోవచ్చు.

పెద్ద ఆడ్స్ పనికొచ్చే సందర్భం ఒకటుంది. పాయింట్ మీద ఎలాగూ 50, 60 డాలర్లు పెట్టే అలవాటు ఉంటే, అందులో లైన్ భాగాన్ని వీలైనంత తగ్గించి మిగతాది వెనక్కి నెట్టాలి. 10 రెట్లిచ్చే 5 డాలర్ల టేబుల్‌లో 5 ముందు, 50 వెనక పెడితే ఖర్చు 7 సెంట్లు. 15 ముందు, 45 వెనక పెడితే 21. కనీసం తక్కువ, ఆడ్స్ ఎక్కువ రెండూ ఒకేచోట దొరికితే వదలకూడదు, కానీ అక్కడ రైలింగ్ పక్కన నిలబడే చోటు దొరకడమే కష్టం.

గరిష్ఠ పందెం గొడవ సామాన్యులది కాదు. అప్పట్లో బినియన్స్ హార్స్‌షూలో మొదటి పందెం ఎంత పెడితే అదే ఆ ఆటగాడి పరిమితిగా ఉండేది. 1980లో విలియం లీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఆటగాడు అక్కడ డోంట్ పాస్ (పాస్ లైన్‌కు ఎదురు పందెం) మీద 7,77,000 డాలర్లు పెట్టి గెలిచాడు. 1984లో పది లక్షల డాలర్లు పెట్టి పోగొట్టుకున్నాడు. మామూలు ఆటగాడికి గరిష్ఠం అడ్డొచ్చేది ఓడినప్పుడల్లా రెట్టింపు చేస్తే. 15తో మొదలెట్టి వరసగా ఏడుసార్లు ఓడితే పోయింది 1,905, ఎనిమిదోసారికి కావలసింది 1,920. గరిష్ఠం 1,000 అయితే అక్కడితో సరి.

ఆడ్స్‌లో ఇచ్చింది వేరేచోట లాగేసుకునే టేబుళ్లూ ఉంటాయి. క్రాప్‌లెస్ క్రాప్స్‌లో 2, 3, 12 పడితే ఓడరు గానీ, 11కు రావలసిన గెలుపూ పోతుంది. పాస్ లైన్ వాటా 5.38 శాతానికి ఎగబాకుతుంది. ఆడ్స్ ఎన్ని ఇచ్చినా అది దండగే. ఒక్క విసురుతో తేలే ఫీల్డ్ పందెంలో 2కూ 12కూ రెట్టింపే ఇస్తే వాటా 5.56, రెండింట్లో ఒకదానికి మూడింతలు ఇస్తే 2.78. 4, 10ను కొనేటప్పుడు, అంటే కమిషన్ కట్టి వాటి మీద ఒకటికి రెండు వచ్చే పందెం వేసేటప్పుడు, 20 డాలర్ల మీద 1 డాలర్ కమిషన్ ముందే తీసుకుంటే 4.76 శాతం, గెలిస్తేనే తీసుకుంటే 1.67. ఇది బోర్డు మీద ఉండకపోవచ్చు, డీలర్‌నే అడగాలి. మధ్యలో స్టిక్‌మన్ (కర్రతో పాచికలు జరిపే డీలర్) అరిచి అమ్మే ఎనీ సెవెన్, అంటే వెంటనే 7 పడుతుందనే పందెం, జోలికి వెళ్లొద్దు, దాని వాటా 16.67.

ఆడ్స్ పెట్టేటప్పుడు చిల్లర చూసుకోండి. 5, 9 మీద సరిసంఖ్య, 6, 8 మీద ఐదుతో భాగించబడే మొత్తం ఉండాలి. 5 మీద 15 డాలర్ల ఆడ్స్ గెలిస్తే రావలసింది 22.50, చేతికొచ్చేది 22. ఒక్క రెట్టు ఆడ్స్ పెట్టేవాళ్లు 5, 9 మీద 16 పెడతానంటే సాధారణంగా ఒప్పుకుంటారు, అప్పుడు 24 వస్తుంది.