క్రిస్మస్‌కి డెలావేర్ నది ఒడ్డుకి వెళ్లండి, మోటెల్‌లో మాత్రం దిగకండి

న్యూజెర్సీలో ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ముందే చెప్తున్నాను, క్రిస్మస్ నాడు వాషింగ్టన్ క్రాసింగ్ (జార్జ్ వాషింగ్టన్ సైన్యం డెలావేర్ నది దాటిన ఘట్టాన్ని మళ్లీ చేసి చూపించే వేడుక) చూడాలంటే పొద్దున ఇంటి దగ్గర్నుంచే బయల్దేరండి. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారినీ మామయ్యగారినీ ఉదయాన్నే తొందరపెట్టడం ఎందుకని మేము ముందు రాత్రే ట్రెంటన్ దగ్గర మోటెల్‌లో దిగాం. ఆన్‌లైన్‌లో గది 89 డాలర్లు. కౌంటర్ దగ్గర పండగ చార్జీ అని ఇంకో 25 వేశారు, టాక్సులతో 129 దాటింది. అర్ధరాత్రి దాటాక హీటర్ ఆగిపోయింది. ఫోన్ చేస్తే కౌంటర్‌లో మనిషి పొద్దున మేనేజర్ వస్తాడని పెట్టేశాడు, ఇంకో దుప్పటి అడిగితే దానికి 10 డాలర్లట! అత్తయ్యగారు కోటుతోనే పడుకున్నారు. టిఫిన్ ఉచితం అని బోర్డు ఉంది కానీ పొద్దున ఆ గదికి తాళం. పెద్దవాళ్లున్నారని తెలిసి కూడా ఇలా చేసినందుకు నాకింకా కోపం తగ్గలేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర కార్లో తిన్నాం, అత్తయ్యగారు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

నది దగ్గర మాత్రం పైసా ఖర్చు లేదు. బ్రిటిష్ వాళ్లతో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్న 1776లో, క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ సుమారు 2,400 మందితో, ఫిరంగులూ గుర్రాలతో సహా, మంచుగడ్డలు కొట్టుకొస్తున్న డెలావేర్‌ని పెన్సిల్వేనియా వైపు నుంచి న్యూజెర్సీ వైపుకి దాటాడు. చాలామంది సైనికుల కొలువు గడువు ఆ నెలాఖరుకి అయిపోతుంది, అందుకే ఇంక ఆగే వీల్లేదు. అర్ధరాత్రికి అయిపోవాల్సిన పని తెల్లవారుజామున మూడింటి దాకా సాగింది, అక్కడి నుంచి తొమ్మిది మైళ్లు నడక. దారిలో ఇద్దరు చలికి చనిపోయారు. పొద్దున ట్రెంటన్‌లో హెస్సియన్ సైనికులు (బ్రిటిష్ వాళ్లు అద్దెకి తెచ్చుకున్న జర్మన్లు) 900 మంది దాకా పట్టుబడ్డారు, వాళ్ల కమాండర్ రాల్ గాయాలతో పోయాడు.

ఇప్పుడు కూడా ఏటా క్రిస్మస్ నాడు ఆనాటి దుస్తుల్లో డర్హమ్ పడవలు (అప్పట్లో సరుకులు మోసిన పొడవాటి పడవల్లాంటివి) ఎక్కి దాటి చూపిస్తారు. గాలి ఎక్కువున్నా, నీటిమట్టం పెరిగినా పడవలు దించరు, ప్రసంగంతో సరిపెడతారు, కాబట్టి ముందు రోజు కనుక్కోండి. మాకు అదృష్టం బాగుంది. పడవ ఒడ్డు చేరగానే మామయ్యగారు చప్పట్లు కొట్టారు, అత్తయ్యగారు ముందుకెళ్లి ఫోటో అడిగారు.

సాయంత్రం ట్రెంటన్‌లో ఆనాటి పోరులో వాషింగ్టన్ సైన్యం ఫిరంగులు పెట్టిన చోట కట్టిన స్తంభం కూడా చూశాం, అది పది నిమిషాల పని. 1758లో కట్టిన ఓల్డ్ బ్యారక్స్ (పాత సైనికుల వసతి భవనం, ఇప్పుడు మ్యూజియం) కోసం ఇంకో రోజు పెట్టుకోండి. ఒడ్డున గాలి కోసేస్తుంది, పెద్దవాళ్లకి మడత కుర్చీ, బూట్లు తప్పనిసరి. పండగ నాడు హోటళ్లు దొరకడం కష్టం, తిండి వెంట తీసుకెళ్లండి.