ఫీచర్ బౌంటీకి డబ్బు కడుతున్నారా? ముందు ఇది చదవండి

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో (కోడ్ అందరికీ బహిరంగంగా ఉండే ప్రోగ్రాముల్లో) తమకు కావలసిన మార్పు కోసం బౌంటీకి, అంటే ఆ మార్పు చేసినవారికి ఇచ్చే బహుమతి సొమ్ముకు, చందాలు పోగుచేస్తున్న మిత్రులకు ఈ హెచ్చరిక. మేము పదకొండు మంది చిన్న ప్రచురణకర్తలం కలిసి 22,000 రూపాయలు పోగొట్టుకున్నాము.

మా ఇబ్బంది చూడడానికి చిన్నది. పుస్తకాల పేజీలు కూర్చడానికి మేము వాడే ప్రోగ్రామ్‌లో వరుస చివర పదం విరిగితే ఒక్కోసారి అక్షరం పైన ఉండిపోయి, దాని ఒత్తు కింది వరుసలో పడుతుంది. మూడు వందల పేజీల పుస్తకంలో అలాంటివి కంటితో వెతికి పట్టుకోవాలి. దీన్ని సరిచేసినవారికి ఇస్తామని ఒక బౌంటీ సైటులో డబ్బు కట్టాము. పని పూర్తయ్యేదాకా సొమ్ము సైటు దగ్గరే ఉంటుంది.

ఏడాదిన్నర ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత ఒక డెవలపర్ ప్యాచ్ (సరిచేసిన కోడ్ ముక్క) పంపారు. మెయింటెయినర్, అంటే ఏ మార్పు ప్రోగ్రామ్‌లో చేరాలో తేల్చే ప్రాజెక్టు నిర్వాహకుడు, దాన్ని తీసుకోలేదు. తెలుగుకు ఒక అతుకు వేస్తే రేపు కన్నడానికి మరొకటి వేయాలి, వరుసలు విరిచే పద్ధతినే మార్చాలి అన్నారు. ఆ మాట న్యాయమే. బౌంటీ పెట్టేముందు ఆయన్ను మేము ఒక్క ముక్క అడగలేదు, అది మా తెలివితక్కువతనం.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆరు నెలలు చర్చ కదలకపోయేసరికి ప్రాజెక్టు వారి బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్) ఈ మార్పు కోరుతూ వారి పేజీలో ఉన్న మా అభ్యర్థనను పాతబడినదిగా లెక్కవేసి మూసేసింది. సైటు దృష్టిలో మూసేస్తే పని పూర్తయినట్టే! ఎవరో వచ్చి క్లెయిమ్ పెట్టారు. అభ్యంతరానికి రెండు వారాల గడువని వచ్చిన మెయిల్ మా స్పామ్‌లో పడి ఉంది. సొమ్ము వెళ్లిపోయింది. ప్యాచ్ రాసిన మనిషికి మాత్రం పైసా దక్కలేదు. బ్యాంకును అడిగితే కార్డు ఫిర్యాదుకు ఎప్పుడో కాలం దాటిందన్నారు.

నిబంధనలు ఎటు మారతాయో కూడా చూసుకోండి. మేము కట్టిన సైటు సంగతి కాదు గానీ, ఈ రంగంలో ఒకప్పుడు బాగా పేరున్న బౌంటీసోర్స్ అనే సైటు 2020 జూన్‌లో, రెండేళ్లదాకా ఎవరూ తీసుకోని బౌంటీలను తానే ఉంచుకుంటానని నిబంధన మార్చింది. డెవలపర్లు గట్టిగా నిరసించాక వెనక్కి తగ్గింది. 2023లో తమకు రావలసిన చెల్లింపులు అందడం లేదని డెవలపర్లు ఫిర్యాదు చేశారు.

ఇప్పుడు మేము ముందుగా మెయింటెయినర్‌కే రాస్తున్నాము: ఈ మార్పు మీకు సమ్మతమేనా, ఎవరు చేస్తే తీసుకుంటారు, ఎంతవుతుంది? ఆయన సరేనన్నాకే పని చేసేవారితో నేరుగా మాట్లాడి, సగం మొదట, సగం కోడ్ చేరాక ఇస్తామని మెయిల్‌లో రాసుకుంటున్నాము. ఇంకా సైటు ద్వారానే కట్టాలనుకునేవారు, 'పూర్తయింది' అని ఎవరు తేలుస్తారో, ఎవరూ తీసుకోకపోతే సొమ్ము తిరిగి వస్తుందో లేదో ఆ పేజీలో వెతకండి. దొరకకపోతే కట్టవద్దు.

ఇలాగే నష్టపోయినవారు ఉంటే కింద రాయండి, సైటుకు అందరం కలిసి ఒకే ఫిర్యాదు పంపుదాం. ప్రస్తుతానికి ఒత్తులు కంటితోనే వెతుక్కుంటున్నాము.