విడాకుల తర్వాత ఫ్లాటు తగాదా: ఒక న్యాయవాది కార్యాలయంపై సమీక్ష

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్న నాలుగేళ్లకు, మియాపూర్‌లో మా ఇద్దరి పేర్ల మీదా ఉన్న ఫ్లాటును తన ఒక్కడి పేరుకు మార్చి ఇవ్వాలంటూ మాజీ భర్త లాయరు నోటీసు పంపించారు. దానికి జవాబు ఇప్పించడానికి నాంపల్లి కోర్టులకు దగ్గర్లో ఉన్న ఒక న్యాయవాది కార్యాలయానికి వెళ్లాను. ఏడు నెలల వ్యవహారం ముగిశాక ఇది రాస్తున్నాను.

మొదటి సంప్రదింపుకు రెండు వేలు తీసుకున్నారు. ఆ సొమ్ముకు పూర్తి న్యాయం జరిగింది. నేను కాపురం కథ మొదలుపెట్టబోతుంటే సీనియర్ గారు, "అది తర్వాత విందాం, ముందు సేల్ డీడ్ ఇవ్వండమ్మా" అని, ఆస్తి వివరాలుండే షెడ్యూలు పేజీని బల్ల మీద పరిచి, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివారు. భార్య అయినంత మాత్రాన భర్త ఆస్తిలో సగం ఇప్పించే చట్టం మనకు లేదనీ, దస్తావేజులో పేరుంది కాబట్టి నేను సహయజమానినేననీ తేల్చి చెప్పారు. వాటా ఎంతన్న దగ్గర మాత్రం లేనిపోని ఆశలు పెట్టలేదు. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ఎవరి సొమ్ము ఎంతో రుజువైతే వాటాలు ఆ నిష్పత్తిలో ఉంటాయి. రుజువు లేకపోతేనే సమానమనుకుంటారు. గృహరుణం ఈఎంఐలు మాజీ భర్త ఖాతాలోంచి వెళ్లాయి, నా జీతం బాబు ఫీజులకూ కిరాణాకూ పోయింది. ఆ ఖర్చును వాటాగా నిలబెట్టడం కష్టమని మొహమాటం లేకుండా అన్నారు. బాధ కలిగింది కానీ, ఫీజు కోసం తీపి మాటలు చెప్పే వారికంటే నయమనిపించింది. చివరికి అక్కరకొచ్చింది, అడ్వాన్సు కోసం అమ్మ పెట్టిన నగలు అమ్మినప్పటి రసీదు. అక్షరాలు దాదాపు చెరిగిపోయిన ఆ కాగితాన్ని జూనియర్ అమ్మాయి కిటికీ వెలుతురుకు పట్టి తేదీ చదివి, అదే వారం బిల్డరుకు నేనిచ్చిన చెక్కుతో జతచేసింది.

విడాకుల పిటిషనులో "ఇకపై ఒకరిపై ఒకరికి ఎలాంటి క్లెయిములు లేవు" అని రాసుకున్నాం కనుక నా హక్కు పోయిందన్నది అవతలి వాదన. ఫ్లాటు ప్రస్తావనే లేని ఆ వాక్యం హక్కు వదులుకుంటూ రాసే, రిజిస్టరైన విడుదల దస్తావేజుకు సాటి రాదని మావాళ్లు జవాబిచ్చారు. విడాకులయ్యాక కూడా ఇలాంటి ఆస్తి తగాదా ఫ్యామిలీ కోర్టు పరిధిలోకే వస్తుందని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది కాబట్టి, రాజీ కుదరకపోతే వాటాలు పంచమనే పార్టిషన్ దావా అక్కడే వేద్దామన్నారు. అంతదాకా రాలేదు, నా వాటా సొమ్ము ఆయన చెల్లించడానికీ, నేను హక్కు విడుదల చేయడానికీ ఒప్పందం కుదిరింది.

అసలు ఫిర్యాదు ఇక్కడే. ఆ విడుదల దస్తావేజు ముసాయిదాకు ఐదు వారాలు పట్టింది, ఫోను చేస్తే గుమాస్తా "రేపు" అనేవాడు. తీరా వచ్చిన ముసాయిదాలో కారు పార్కింగు లేదు, అవిభక్త స్థలం, అంటే ఫ్లాటుకు వచ్చే ఉమ్మడి భూమి వాటా, గజాలు తప్పు పడ్డాయి. రిజిస్ట్రేషన్ స్లాటుకు ముందురోజు రాత్రి పాత దస్తావేజుతో పోల్చుకున్న నాకే అవి కనిపించాయి. అంతకంటే పెద్ద లోపం బ్యాంకు సంగతి. ఫ్లాటులో హక్కు వదులుకున్నా, రుణపత్రం మీద సంతకం ఉన్నంతకాలం బాకీకి నేనూ బాధ్యురాలినే. నేను అడిగేవరకు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రుణం ఆయన ఒక్కరి పేరుకు మారుస్తూ బ్యాంకు లేఖ ఇచ్చేవరకు సంతకం పెట్టనని పట్టుబట్టాను. దానికే రెండు నెలలు పట్టింది.

సలహాకైతే మళ్లీ అక్కడికే వెళతాను. దస్తావేజు మాత్రం వేరేచోట రాయించుకుంటాను.