నాలుగు వేల బొమ్మ డ్రోన్, రెండు నెలలు, ఎనిమిది రెక్కలు

ముందే చెప్తాన, నేను స్కూటీ నేర్చుకున్నదే ముప్పై ఆరేండ్లకు, అది గూడ మా ఆయన ఎనుక పట్టుకోని ఉరికితేనే. గసొంటిదాన్ని డ్రోన్ కొన్నా అంటే ఇంట్ల ఎవ్వరు నమ్మలే. సంగతేందంటే ఈ వానకాలం పరకాల దిక్కు మా తల్లిగారింటికి పోతే పక్క చేన్ల పత్తికి డ్రోన్ తోటి మందు కొడుతాండ్రు, నడిపేది ఎవరా అని చూస్తే ఇరవై రెండేండ్ల పోరి, గట్టు మీద నిలవడి రిమోట్ పట్టుకున్నది, మొకంల భయమన్నదే లేదు. సంఘాల ఆడోళ్లకు ఇచ్చే డ్రోన్ దీదీ స్కీమంట. ఇగ ఆ రాత్రంతా నాకు అదే గుల.

వినాయక చవితి అయినంక హన్మకొండల ఒక బొమ్మల షాపుల 3,800 పెట్టి తెచ్చిన. షాపు పేరు, కంపెనీ పేరు చెప్ప, ఎందుకంటే కింద తిట్టేది ఉన్నది. ఇంటికి తెచ్చి వంటింటి కాంటా మీద పెడితే బ్యాటరీతోటి 112 గ్రాములు తూగింది. 250 గ్రాముల లోపలయితే నానో కింద లెక్క, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. అట్లని యాడబడితే ఆడ లేపేది కాదు, సర్కారోళ్ల డిజిటల్ స్కై సైట్ల మ్యాప్ ఉంటది, ఎగరేసే జాగ గ్రీన్ జోన్ల, అంటే ముందుగాల పర్మిషన్ అడుగనక్కర్లేని జాగల, ఉన్నదా లేదా చూస్కోవాలె. వరంగల్ కోటల ఉన్న తోరణాల మీద తిప్పుదామని అందరికి ఉంటది, నాకు గూడ ఉండె, కని అది పురావస్తు శాఖోళ్ల జాగ, పర్మిషన్ లేకుంట అటు పోవద్దు.

మొదటి తప్పు మా డాబా మీద షురూ చేసుడు. కింద గాలే లేదు గదా అనుకున్న, పైకి పోంగనే వడ్డేపల్లి చెరువు దిక్కుకెళ్లి గాలి వచ్చి పిట్టగోడ దాటిచ్చింది, నేను ఆగమాగమై చేతికి ఏ బటన్ దొరికితే అది ఒత్తిన, ఒత్తింది దిగే బటన్, దిగింది పక్కింటి రేకుల మీద. పక్కింటామె బయటికొచ్చి "వదినా, మీ పిట్ట మా రేకుల మీద వాలింది, గింజలేమన్న ఎయ్యాల్నా" అన్నది. వారం దినాలు దాన్ని డబ్బాల నుంచి తియ్యలే.

తర్వాత పొద్దుగాల ఆరింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు, నడిచేటోళ్లకు దూరంగ ఒక మూలకు, పోవుడు మొదలువెట్టిన. భయానికి జానెడెత్తుల ఉంచితే పడ్డా ఏం కాదనుకున్న, ఉల్టా అక్కడనే ఎక్కువ ఊగుతది, దాని రెక్కల గాలి నేలకు తాకి దానికే కొడుతది. ఛాతీ ఎత్తుకు లేపితే నిమ్మళంగ నిలవడ్డది. రిమోట్ మీది ఎడమ పుల్ల లేపుడు దించుడు, గిర్రున తిప్పుడు, కుడి పుల్ల ముందుకెనుకకు పక్కలకు, ఇది ఒక్క పూటల వస్తది. అసలు తిప్పలు దాని మూతి మన దిక్కు తిరిగినప్పుడు. కుడికంటే ఎడమకు పోతది, ఎడమకంటే కుడికి, నాకైతే స్కూటీ మీద బ్రేకనుకోని రేజు ఇచ్చిన రోజు యాదికొచ్చింది. మా అల్లుడు, అంటే మా అన్న కొడుకు, చెప్పిన ఉపాయం ఒక్కటే పనిచేసింది. "అత్తా, అది నీ దిక్కు చూస్తున్నప్పుడు యే పక్కకు జారుతదో పుల్ల ఆ పక్కకే నూకు, గోడ పడిపోతుంటే ఆ పక్కనే గుంజ పెడతం సూడు, గట్ల" అన్నడు. హెడ్‌లెస్ మోడ్ అని ఒక బటన్ ఉన్నది, మూతి యాడున్నా కుడి అంటే కుడికే పోతది, కని అది అలవాటైతే అసలు విద్య రాదు, రెండుసార్లు గుద్దుకుంటే దాని దిక్కులు గూడ తప్పుతానయి.

ఇగ షాపోని సంగతి. ఒకనాడు రెక్కలు ఇరిగితే డబ్బాల ఇచ్చిన స్పేర్లు ఏసిన, లేపితే లేస్తలేదు, ఉన్నకాడనే బోర్ల పడుతాంది. షాపుకు పోతే ముట్టకుంటనే "మోటర్ పోయింది మేడం, 600" అన్నడు. ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకోని చూస్తే రెక్కల మీద గోరంత కూడ లేని అక్షరాలు, ఏ అని, బీ అని. ఏ రెక్కలు ఒక దిక్కు తిరుగుతయి, బీ రెక్కలు ఇంకో దిక్కు, ఎదురెదురు మూలలకు ఒకటే అక్షరం రావాలె, నేను ఒక పక్క తారుమారు చేసిన. సరిగ్గ పెడితే లేచింది, 600 మిగిలినయి. ఇంకోసారి నిజంగనే ఒక మోటర్ మెల్లగ తిరిగింది, చూస్తే ఇరుసుకు నా ఎంటికే చుట్టుకున్నది, సూదితోటి గుంజి తీసిన.

డబ్బా మీద 20 నిమిషాలని రాసిండ్రు, ఫోన్ల టైం పెట్టి చూస్తే 7, అంతకు మించి ఒక్కనాడు రాలే. ఛార్జింగుకు గంట పైన. అందుకే 450 పెట్టి రెండో బ్యాటరీ కొన్న, మొదటిదాన్ని డ్రోన్లనే తగిలిచ్చి మర్చిపోతే పూర్తిగ దిగిపోయి, మల్ల ఛార్జింగ్ పెడితే పూరి లెక్క ఉబ్బింది, ఇగ వాడలే. లిథియం బ్యాటరీలు గట్లనే, ఎగరేసినంక వేడి తగ్గినాకనే ఛార్జింగ్ పెట్టుండ్రి, పెట్టి పండుకోవద్దు.

కెమెరా 4కే అన్నడు, ఉత్తదే, ఎదురుంగ ఉన్న మనిషి ఆడో మొగో తెల్వది. వీడియోల కోసమైతే కొనకుండ్రి. బతుకమ్మ నాడు పైకెళ్లి తియ్యమని వాడంత అడిగిండ్రు, పిల్లల నెత్తుల మీద తిప్పే ధైర్యం నాకు లేదు, తియ్యలే. కని నేర్చుకునేటందుకైతే మంచిదే, రెక్కల సుట్టు గార్డున్నది, ఎన్నిసార్లు పడ్డా బాడీ పలగలే, స్పేర్ రెక్కలు నాలుగు 80కే దొరుకుతానయి, ఇప్పటికి ఎనిమిది అయినయి. డ్రోనుకు 5కు 3.5, షాపుకు 1.

మొన్న ఆదివారం మూతి నా దిక్కు తిప్పి పది లెక్కవెట్టేదాక ఉన్నకాడనే నిలవెట్టిన. పదకొండు అనంగనే గడ్డిల పడ్డది.