తంజావూరు: మనవాళ్లు ఏలిన ఊరు, మరాఠీలు తెలుగు రాసిన ఊరు

తంజావూరు వెళ్లే మనవాళ్లు చాలామంది పెద్ద గుడి (బృహదీశ్వరాలయం) చూసి, ఒక బొమ్మ కొనుక్కుని, సాయంత్రానికల్లా కుంభకోణం బస్సెక్కేస్తారు. నా మాట విని ఆ ఊరికి ఇంకాస్త సమయం పెట్టుకోండి. విజయనగరం తరఫున తెలుగు నాయకులు వెళ్లి రాజ్యం ఏలిన చోటు అది. తర్వాత మరాఠీలు దాన్ని సొంతం చేసుకున్నారు. సొంతం చేసుకున్నాక వాళ్ల రాజులే కూర్చుని తెలుగులో యక్షగానాలు రాశారు. గెలిచినవాడు ఓడినవాడి భాషను నెత్తిన పెట్టుకోవడం చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

చెన్నై ఎగ్మోర్ నుంచి రాత్రి బయల్దేరే ఉళవన్ ఎక్స్‌ప్రెస్ హాయి, తెల్లవారేసరికి దింపేస్తుంది. విమానమైతే తిరుచ్చి దాకా వెళ్లి, అక్కణ్ణుంచి కారు. బసకు ముందు పాత బస్టాండు దగ్గర ఒక లాడ్జి తీసుకున్నాం. గుడికి నడిచి వెళ్లొచ్చు, టిఫిన్లు గుమ్మం ముందే, కానీ రాత్రంతా హారన్లు. తర్వాత ఊరి చివర ఇంకో హోటల్‌కి మారాం. అద్దె ఎక్కువ, ఆటో ఖర్చు అదనం, అయినా కంటినిండా నిద్ర పట్టింది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే రెండోదే నయం.

పెద్ద గుడి రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేసింది. మాకు దొరికిన గైడు గర్భగుడి మీది విమానగోపురం ఎత్తు, రాయి బరువు, నీడ కథలతో గంట గడిపేశాడు. తర్వాత వచ్చినవాళ్ల ఊసే లేదు. కానీ మీరు గుడిలో అడుగుపెట్టగానే ఎదురయ్యే ఆ పెద్ద నంది నాయకుల కాలంది. పక్కన సుబ్రహ్మణ్యస్వామి గుడి కూడా వాళ్ల కాలందే, సన్నటి చెక్కడం చూస్తే చోళుల పనికీ దానికీ తేడా మనకే తెలిసిపోతుంది. గర్భగుడి చుట్టూ గోడల మీద నాయకుల కాలపు రంగుల చిత్రాల కింద చోళుల చిత్రాలు దాగి ఉన్నాయని 1931లో బయటపడింది. అక్కడికి మనల్ని వెళ్లనివ్వరు, ప్రాకారంలోని ప్రదర్శనశాలలో నకళ్లు చూసుకోవాలి. ఇక నైరుతి మూల గోడ దగ్గరికి తప్పకుండా వెళ్లండి. 1803లో మరాఠీ రాజు రెండో శరభోజి చెక్కించిన భోంస్లే వంశ చరిత్ర, మరాఠీలో, గోడ పొడవునా సాగిపోతుంది. తమిళ శాసనాల గుడిలో తెలుగు దొరల నంది, మరాఠీ రాజుల వంశవృక్షం. గైడుకి ఇచ్చే డబ్బు మిగుల్చుకుని, ముందు రోజు కాస్త చదువుకుని వెళ్లడం మేలు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే చేరండి, ఎండకి రాయి కాలిపోతుంది.

కోటలోని రాజమహల్ చూస్తే మాత్రం బాధేసింది. దర్బారు హాల్లో రంగులు పెచ్చులూడుతున్నాయి, ఒక్కో విభాగానికి ఒక్కో టికెట్. అయినా వదలొద్దు. 1673లో మదురై చొక్కనాథ నాయకుడు దండెత్తి వచ్చినప్పుడు విజయరాఘవ నాయకుడు యుద్ధంలో చనిపోయాడు. శత్రువు చేతికి చిక్కకుండా ఇక్కడి అంతఃపురాన్ని మందుగుండుతో పేల్చేయమని ఆజ్ఞాపించాడని చెబుతారు. దండెత్తినవాడూ తెలుగు నాయకుడే. ఆ తర్వాత నాయక వారసుణ్ణి తిరిగి నిలబెట్టే పని మీద బీజాపూరు సుల్తాను పంపిన ఏకోజీ, శివాజీకి సవతి తమ్ముడు, చివరికి గద్దె తనే ఎక్కాడు. భాషల కలయిక గురించి మురిసిపోయే ముందు ఈ నెత్తురు సంగతీ గుర్తుండాలి.

ఏకోజీ కొడుకు షాహాజీ తిరువారూరు త్యాగేశుడి మీద తెలుగులో పల్లకీ సేవా ప్రబంధం రాశాడు. తర్వాతి మరాఠీ రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని తెలుగు కావ్యం చెప్పింది. సరస్వతీ మహల్ గ్రంథాలయం మ్యూజియం చిన్నదే, అద్దాల వెనక తాళపత్రాలు నాలుగైదు గదుల్లో ఉన్నాయని అనుకోకండి, చూపించేది కొంచెమే. కానీ తమిళం, తెలుగు, మరాఠీ, సంస్కృతం ఒకే కప్పు కింద చేరిన చోటది. రెండో శరభోజి కొలువులోని చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అన్నదమ్ములు ఇప్పటి భరతనాట్య కచేరీకి వరస కట్టారు. వాళ్లలో వడివేలు పరదేశపు వయొలిన్‌ని మన పాటకి లొంగదీసినవాళ్లలో ఒకడు. శరభోజికి అండగా నిలిచిన జర్మన్ పాదిరి ష్వార్జ్ పేరు మీద గుడికి దగ్గర్లోనే చర్చి ఉంది. మంచం మీదున్న ష్వార్జ్ చేయి పట్టుకుని రాజు నిలబడినట్టు ఫ్లాక్స్‌మన్ చెక్కిన పాలరాతి ఫలకం అందులో చూడొచ్చు.

తిరువయ్యారు ఆటోలో అరగంట. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి, దాన్ని సొంత సొమ్ముతో కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ. 1910లో ముద్దుపళని కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించిందీ ఆవిడే. పుష్య బహుళ పంచమి ఆరాధనకి వెళ్లేవాళ్లు తంజావూరులో గది చాలా ముందే తీసుకోవాలి. మామూలు రోజుల్లో మాత్రం అక్కడ కూర్చుని ఎంతసేపు పాడుకున్నా ఎవరూ ఏమీ అనరు.

అన్నిటికన్నా నాకు మనసు నిండింది తంజావూరు దగ్గరి మేలట్టూరులో. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకి ఇచ్చిన ఊరది. నరసింహ జయంతికి అక్కడ భాగవత మేళం ఆడతారు, వరదరాజస్వామి గుడి ఎదుట వీధిలోనే. వేషాలన్నీ మగవాళ్లవే. నాటకం తెలుగు, రాసింది త్యాగరాజుకి సమకాలికుడైన మేలట్టూరు వెంకటరామశాస్త్రి. ప్రహ్లాద చరిత్ర రాత్రి మొదలైతే తెల్లారుతుంది. లీలావతి వేషం వేసిన పెద్దాయన జడ ముందుకేసుకుని కొడుకు కోసం ఏడుస్తుంటే నా పక్కనున్న తమిళ మామ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆవిడకి తెలుగు రాదు. ఆట తర్వాత ఆ నటుణ్ణి పలకరిస్తే ఆయనా తమిళంలోనే బదులిచ్చాడు. నరసింహుడి ముఖపు తొడుగుని గుడిలో పెట్టి పూజ చేస్తారు, అది కట్టుకునే మనిషి ఉపవాసం ఉంటాడు. స్తంభం ఘట్టంలో ఆయన ఊగిపోతుంటే నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. నాలుగు వందల ఏళ్ల కింద సైన్యం వెనకాల వచ్చిన భాష ఇవాళ ఆ ఊరి పూజలో భాగం.

టికెట్ లేదు. ఊళ్లో బస కూడా లేదు. దోమల మందు పట్టుకెళ్లండి, రాత్రంతా ఆగే కారుకి రేటు ముందే ఖరారు చేసుకోండి. మా డ్రైవరు అర్ధరాత్రి దాటాక ఎక్స్‌ట్రా అడిగి కాసేపు టెన్షన్ పెట్టాడు.

తంజావూరు నుంచి తరంగంబాడి వంద కిలోమీటర్లు. రఘునాథ నాయకుడు 1620లో డేన్మార్క్ వాళ్లతో ఒప్పందం చేసుకుంటే వెలిసిన డాన్స్‌బోర్గ్ కోట సముద్రం ఒడ్డునే ఉంది. 1706లో వచ్చిన జర్మన్ పాదిరి జీగెన్‌బాల్గ్ తమిళం నేర్చుకుని ఇక్కడే బైబిల్ కొత్త నిబంధనని తమిళంలో అచ్చు వేయించాడు. ఊరు ప్రశాంతం, భోజనం మాత్రం దొరకడం కష్టం. అదే రోజు నాగూరు దర్గా కలుపుకోవచ్చు, అక్కడి పెద్ద మీనారు ప్రతాపసింహుడు కట్టించింది. టైము చాలకపోతే తరంగంబాడి మానేయండి, మేలట్టూరు మానకండి. జయంతి వైశాఖంలో వస్తుంది కాబట్టి ఎండకి సిద్ధపడి, ఏసీ గది తీసుకుని, పగలు పడుకోండి.