ఉద్యోగం పక్కన కళ, కళలోనే ఉద్యోగం, కళ ఒక్కటే: ఏది మేలు?

మూడేళ్ళ క్రితం ఒక కథ రాస్తున్నాను. ఒక ముసలాయనకి చాలాకాలం తర్వాత కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. ఆయన కవరు చించి, చదివి, మడిచి జేబులో పెట్టుకోవాలి. అంతే సీను. తీరా రాసింది చూసుకుంటే, ఆయన ఉత్తరాన్ని పైకి చదువుతున్నాడు. గదిలో ఇంకెవరూ లేరు. అయినా ప్రతి వాక్యం పలికి, "అంటే నువ్విక రావన్నమాట!" అని గోడకి చెబుతున్నాడు.

ఎందుకలా వచ్చిందో నాకు తెలుసు. అప్పటికి ఆరేళ్ళుగా డైలీ సీరియల్‌కి డైలాగులు రాస్తున్నాను. అక్కడ మొదటి పాఠమే అది: టీవీకి వీపు పెట్టి ఇంటి పని చేసుకునే మనిషికి కూడా కథ చెవిలో పడాలి. కాబట్టి పాత్రలు చూసినవీ చదివినవీ అన్నీ నోటితో చెప్పెయ్యాలి. ఆ పనికి అదే సరైన పద్ధతి, తప్పు పట్టను. కానీ ఆ అలవాటు చెప్పాపెట్టకుండా వచ్చి నా కథలో కూర్చుంది.

అందుకే, ఇండస్ట్రీలో ఉంటూ మనం మనలా ఉండగలమా అని ఎవరైనా అడిగితే నాకు విలువలు, రాజీ లాంటి పెద్ద మాటలకంటే ముందు చెయ్యి గుర్తొస్తుంది. రోజంతా ఏ పని చేస్తే చెయ్యి ఆ పనికే అలవాటు పడుతుంది. (ఈ చర్చలోకి పోతనని, శ్రీనాథుణ్ణి లాక్కురావడం మనవాళ్ళకి సరదా. నాగలి పట్టినవాడు స్వచ్ఛం, కొలువు చేసినవాడు కాదు అని తేల్చేస్తారు. శ్రీనాథుడి పద్యం ఒక్కటి నోటికొస్తే చాలు, ఆ తీర్పు నిలవదు.)

ఉన్నవి ప్రధానంగా మూడు దారులు. కళతో సంబంధం లేని ఉద్యోగం చేస్తూ సొంత పని విడిగా చేసుకోవడం ఒకటి. ఇండస్ట్రీలోనే ఉండి వాళ్ళ పనీ మన పనీ చేయడం రెండోది. పూర్తిగా సొంత పని మీదే బతకడం మూడోది.

మొదటి దారి అనగానే రచయిత కాఫ్కా పేరు చెబుతారు గానీ, అందులో మనకి పనికొచ్చే సంగతి వదిలేస్తారు. ఆయన 1907లో ముందు ఒక ప్రైవేటు బీమా కంపెనీలో చేరాడు. అక్కడి పని గంటలు రాతకి టైం మిగల్చలేదు. ఏడాది తిరగకుండానే మానేసి, 1908లో ప్రాగ్‌లోని కార్మికుల ప్రమాద బీమా సంస్థకి మారాడు. అక్కడ మధ్యాహ్నం 2 గంటలకి డ్యూటీ అయిపోయేది. 1922 దాకా అక్కడే ఉన్నాడు, రాత్రుళ్ళు రాసుకున్నాడు. ఆఫీసుని తిట్టుకుంటూనే ఉన్నాడనుకోండి, అది వేరే సంగతి. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు మాత్రం గడియారం చూసి ఎంచుకున్నాడు.

సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ అయితే నలభై దాటేదాకా టాక్సీ నడిపాడు, ప్లంబింగ్ చేశాడు. 1976లో ఆయన ఒపెరా (సంగీత నాటకం) న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో ప్రదర్శించారు. ఆ తర్వాత కూడా టాక్సీ నడిపాడు. ఒకసారి ఎవరింట్లోనో డిష్‌వాషర్ బిగిస్తూ తలెత్తి చూస్తే, టైమ్ పత్రిక కళా విమర్శకుడు రాబర్ట్ హ్యూస్ నమ్మలేనట్టు చూస్తున్నాడట. మీరు కళాకారులు కదా అన్నాడట ఆయన. అవును, అప్పుడప్పుడు ప్లంబర్ని కూడా, కాస్త వెళితే పని పూర్తి చేసుకుంటాను అని గ్లాస్ జవాబు. ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. నాకిందులో నచ్చేది వినయం కాదు. పైపులు బిగించే అలవాటు స్వరాల్లోకి పాకదు. సీరియల్ డైలాగు మాత్రం కథలోకి పాకుతుంది.

ఈ దారిలో నష్టాలూ ఉన్నాయి. అలసట సరే, అందరికీ తెలిసిందే. దానికంటే పెద్దది, "రాసుకుంటున్నాను" అనే మాట చాటున పదేళ్ళు దాక్కోవచ్చు. గడువు పెట్టేవాళ్ళుండరు, బాగాలేదని మొహాన చెప్పేవాళ్ళుండరు.

రెండో దారిలో ఉన్నవాళ్ళకి అమెరికన్ సినిమా దర్శకుడు డేవిడ్ లించ్ అనుభవం చూపిస్తాను. 1984లో 'డ్యూన్' తీసినప్పుడు బడ్జెట్ భారీగా ఉంది, ఫైనల్ కట్, అంటే చివరి ఎడిటింగ్ మీద ఆఖరి మాట, మాత్రం ఆయన చేతిలో లేదు. తర్వాత టీవీ కోసం పొడిగించిన వెర్షన్ నుంచి తన పేరే తీయించుకున్నాడు. దర్శకుడి స్థానంలో "అలన్ స్మితీ" అని పడింది. సినిమా తమది కాకుండా పోయిందని నిరూపించుకున్న దర్శకుల కోసం అమెరికా దర్శకుల సంఘం వాడిన మారుపేరు అది. 1986లో అదే నిర్మాతతో 'బ్లూ వెల్వెట్' చేసేటప్పుడు లించ్ బేరం మార్చాడు. తన పారితోషికం, బడ్జెట్ రెండూ తగ్గించుకుని ఫైనల్ కట్ తీసుకున్నాడు. ఇండస్ట్రీలో ఉండాలనుకునేవాళ్ళు నేర్చుకోవాల్సిన బేరం ఇదేనని నా అభిప్రాయం. రేటు పెంచమని అడగడం అందరికీ వచ్చు. రేటు తగ్గిస్తాను, ఈ ఒక్క నిర్ణయం నాకు వదిలెయ్యండి అని అడిగేవాళ్ళు తక్కువ.

నటుడు, దర్శకుడు జాన్ కసావెటిస్ దారి ఇంకా తెలివైనది. పక్కవాళ్ళ సినిమాల్లో నటించి, ఆ డబ్బుతో సొంత సినిమాలు తీశాడు. 1968 నాటి 'ఫేసెస్' చాలామటుకు తన ఇంట్లోనే తీశాడు. రంగం ఒకటే, కానీ వాళ్ళకి నటుణ్ణి ఇచ్చాడు, దర్శకుణ్ణి తనకి ఉంచుకున్నాడు.

అగ్రిమెంట్ల గురించి ఒక్క మాట. "ఇప్పుడున్న, ఇకపై కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లోనూ, శాశ్వతంగా" అనే లైను కనిపిస్తే అక్కడ ఆగి మళ్ళీ చదవండి. నేను పనిచేసిన ఒక సంస్థ కాగితాల్లో ఇంకో లైను ఉండేది: ఒప్పందం నడిచినంతకాలం నేను రాసేవన్నీ వాళ్ళవే. అంటే ఇంట్లో రాసుకునే కథలు కూడా! నాలుగేళ్ళు చదవకుండానే సంతకం పెట్టాను. ఐదో ఏడు భయపడుతూ అడిగితే, మేనేజరు పెన్ను తీసి అక్కడికక్కడే కొట్టేశాడు. ఇంతకుముందు ఎవరూ అడగలేదు అన్నాడు.

మూడో దారికి అందరూ చూపించే మనిషి కార్టూనిస్టు బిల్ వాటర్సన్. 1985 నుంచి 1995 దాకా 'కాల్విన్ అండ్ హాబ్స్' గీశాడు. బొమ్మలు, టీషర్టుల వ్యాపారానికి ససేమిరా అన్నాడు. అయితే ఆ హక్కులు ఒప్పందం ప్రకారం ఆయనవి కావు, కార్టూన్లని పత్రికలకి అమ్మే సిండికేట్‌వి. ఏళ్ళ తరబడి పోట్లాడి రాబట్టుకున్నాడు. రెండు వేలకు పైగా పత్రికల్లో వచ్చే కార్టూన్ కాబట్టి ఆయన కాదంటే విన్నారు. అంతకుముందు నాలుగేళ్ళు ఒక కిటికీలేని బేస్‌మెంట్‌లో కార్ల, సరుకుల ప్రకటనలకి డిజైన్లు చేశాడు. ఆ రోజుల్లో కాదని ఉంటే వినేవాళ్ళెవరు?

ఇప్పుడు నిర్మాతతో పనిలేదు, నేరుగా జనంలోకే వెళ్ళొచ్చు అంటారు. నిజమే. కానీ నిన్న నచ్చిందే ఇవాళా కావాలని వాళ్ళూ అడుగుతారు. నిర్మాత ఒక్కడైతే ఎదురుగా కూర్చుని వాదించొచ్చు. వీడియో కింద పడిపోయే అంకెతో ఏం వాదిస్తాం? ఏడాది ఖర్చులు చేతిలో లేకుండా ఈ దారి పట్టొద్దని నేనైతే చెబుతాను.

ఒంటరిగా చేసే పనులకి, అంటే రాయడం, బొమ్మలేయడం, ట్యూన్ కట్టుకోవడం లాంటివాటికి మొదటి దారే మేలు. ఎంత దూరపు ఉద్యోగమైతే అంత మంచిది. సినిమా, నాటకం, యానిమేషన్ లాంటివి పదిమంది లేకుండా కావు, నేర్చుకోవడం కూడా అక్కడే. వాళ్ళకి రెండో దారి తప్పదు, కసావెటిస్‌లా పనిని విడదీసుకోగలిగితే చాలావరకు గట్టెక్కొచ్చు. కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్ళు రెండు మూడేళ్ళు ఇండస్ట్రీలో ఉంటే మంచిదే, గడువు లోపల రాయడం వస్తుంది. నాలాగా ఆరేళ్ళు ఉండకండి.

నేనిప్పుడు ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. సాయంత్రం ఐదున్నరకి బయటపడతాను. మొన్న పాత టీం నుంచి ఫోన్ వచ్చింది, మళ్ళీ డైలాగులు రాస్తావా అని. వారానికి ఒక పూట కథాచర్చకి వచ్చి మాట్లాడతాను, పెన్ను మాత్రం పట్టను అన్నాను. డబ్బు బాగా తగ్గుతుందన్నారు. సరే అన్నాను.