సగం చదివిన పుస్తకాల సాయంత్రం: ఒక పఠన బృందంపై సమీక్ష

హైదరాబాదులో చిక్కడపల్లికి నడక దూరంలో ఉన్న ఒక అపార్ట్‌మెంటు కింది అంతస్తు హాలులో, ప్రతి నెలా మూడో ఆదివారం సాయంత్రం 4 గంటలకు ఒక పుస్తక పఠన బృందం కలుస్తుంది. నేను 14 నెలలుగా ఆ సమావేశాలకు వెళుతున్నాను. మధ్యలో రెండు మాత్రమే తప్పాయి. నెలకు 50 రూపాయల రుసుము హాలు అద్దెకూ టీకీ సరిపోతుంది. ఎప్పుడు వెళ్లినా ఇరవై మందికి తక్కువ కాకుండా ఉంటారు. ఈ నగరంలో పుస్తకావిష్కరణలకూ సాహిత్య సభలకూ కొదువ లేదు కాబట్టి, వాటిలో దొరకనిది ఇక్కడ ఏమి దొరుకుతుందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

సమావేశంలో ఎక్కువ సమయం ఒకే పనికి కేటాయిస్తారు. ప్రతి సభ్యుడూ తాను ప్రస్తుతం చదువుతున్న పుస్తకాన్ని వెంట తెచ్చి, దాని గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలి. ముగించిన పుస్తకం గురించి మాట్లాడటానికి వీల్లేదు. ఎంతవరకు చదివారో చెప్పాలి, తమను ఆపి ఆలోచింపజేసిన ఒక పేరాను పైకి చదవాలి, ముందు ఏమి జరగబోతుందని తాము అనుకుంటున్నారో చెప్పాలి. ఆ పుస్తకాన్ని ఇదివరకే చదివినవారు అక్కడ ఉంటే వారు ముగింపును బయటపెట్టకూడదు. నిర్వాహకురాలు పెద్ద నోటు పుస్తకంలో తేదీ, సభ్యుని పేరు, పుస్తకం పేరు, ఎక్కడిదాకా వచ్చారన్నదీ రాసుకుంటారు. మొదట పేజీ సంఖ్యలు రాసేవారట. ఒకే నవల నాలుగు ప్రచురణల్లో నాలుగు రకాల పేజీలతో రావడంతో ఇప్పుడు ప్రకరణం పేరో, చివరిగా చదివిన సంఘటనో రాస్తున్నారు.

ఈ నియమం చూడటానికి చిన్నదిగా ఉన్నా, మనుషులు మాట్లాడే తీరును అది పూర్తిగా మార్చడం నేను నెల నెలా చూశాను. పుస్తకం ముగించిన పాఠకుడు సాధారణంగా తీర్పు చెబుతాడు: బాగుంది, బాగులేదు, రచయిత ఉద్దేశం ఫలానా. నడి మధ్యలో ఉన్న పాఠకుడి దగ్గర ఇంకా తీర్పు ఉండదు. అతని దగ్గర అనుమానం ఉంటుంది, ఒక పాత్ర మీద కోపం ఉంటుంది, మరొక పాత్రకు ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. ఆ మాటల్లో అతని సొంత జీవితం కూడా తెలియకుండానే వచ్చి కూర్చుంటుంది. విశ్లేషణ వ్యాసాల్లో నాకు కనిపించని చదువరి ఇక్కడ కనిపించాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసే పాతికేళ్ల అమ్మాయి డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ చదువుతూ వచ్చింది. అప్పటికి సగం కూడా కాలేదు. ప్రకాశం అనే వైద్య విద్యార్థి పిరికితనం మీద ఆమెకు వచ్చిన కోపం ఎంత నిజమైనదంటే, అతని మాటలు చదువుతున్నప్పుడు ఆమె గొంతు మారిపోయింది. అదే నవలలోని ఇందిరను మాత్రం ఏమనాలో తేల్చుకోలేకపోతున్నానని చెప్పింది. ఒక పేజీలో ఆమె స్వార్థం చూసి విసుగొస్తోందని, తరువాతి పేజీలో ఆ ఇంట్లో ఆమె స్థానంలో తాను ఉంటే అంతకంటే మంచిగా ఉండగలిగేదాన్నా అనిపిస్తోందని అన్నది. ఆ నవలను ఎప్పుడో యౌవనంలో చదివిన ఒక పెద్దావిడ ఆ మాటలు వింటూ తల ఊపారే తప్ప ముందు కథ చెప్పలేదు. ‘‘అమ్మా, నువ్వు పూర్తి చేశాక నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు మాట్లాడుకుందాం’’ అన్నారు. ముప్పయి యేళ్లకు పైగా వయసు తేడా ఉన్న ఇద్దరు ఆడవాళ్లను ఒక నవల అలా ఒకచోట కూర్చోబెట్టింది. మరుసటి నెల వాళ్లిద్దరూ పక్కపక్క కుర్చీల్లో కనిపించారు.

ఆ రోజే నాకు మరొక సంగతి గుర్తుకొచ్చింది. ‘కాలాతీత వ్యక్తులు’ 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా వెలువడిన నవల. దాని ఆధారంగా ‘చదువుకున్న అమ్మాయిలు’ చిత్రం రావడానికి ముందే, 1961లో, రచయిత్రి చిన్న వయసులో మరణించారు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కూడా 1946-47లో ‘నవోదయ’ పత్రికలో అలాగే వచ్చింది. అంటే ఈ నవలల తొలి పాఠకులందరూ సగం చదివిన పాఠకులే. పత్రిక వచ్చే రోజు కోసం ఎదురుచూసి, వచ్చినంతవరకు చదివి, తరువాత ఏమవుతుందో ఇరుగుపొరుగుతో ఊహించుకుంటూ వారమంతా గడిపినవారే. మా ఇంట్లో అమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్య వారపత్రికలోని సీరియల్ గురించి బావి దగ్గర మాట్లాడుకోవడం నేను చిన్నప్పుడు విన్నాను. ఆ మాటలకు ఇప్పుడు చోటు లేకుండా పోయిందని చాలాకాలం బాధపడ్డాను. ఈ హాలులో, ప్లాస్టిక్ కుర్చీల మధ్య, ఆ బావిగట్టు మాటలే మళ్లీ వినిపించాయి. అందరి చేతిలోనూ ఒకే పత్రిక ఉండే ఆ రోజుల ఐక్యత ఇక్కడ లేదు, ఎవరి పుస్తకం వారిదే. అయినా ‘తరువాత ఏమవుతుంది’ అన్న ఆత్రం అదే.

సభ్యులు తెచ్చే పుస్తకాల వైవిధ్యం ఈ బృందానికి పెద్ద బలం. పదవీ విరమణ చేసిన ఒక రెవెన్యూ ఉద్యోగి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ఎనిమిది నెలలుగా చదువుతున్నారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, పొందిన గ్రంథమది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది కావ్యాల్లోంచి ఏరి చెప్పిన పుస్తకం కాబట్టి ఆయన దాన్ని ఒంటరిగా చదవడం లేదు. కాకతీయుల కాలపు ప్రకరణం దగ్గర ఆగి, ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన ‘క్రీడాభిరామం’ కావ్యాన్ని తెచ్చుకుని పక్కన పెట్టుకున్నారు. ఒక నెల ఆయన కేవలం ఆటల పేర్లు చదివారు. వాటిలో తమ ఊళ్లో ఇప్పటికీ ఏవి ఆడుతున్నారో, ఏ పేరుతో పిలుస్తారో ఒక్కొక్కరుగా చెప్పడం మొదలుపెట్టారు. పాలమూరు వారు ఒక పేరు, పశ్చిమ గోదావరి వారు మరొక పేరు చెప్పారు. అయిదు నిమిషాల నియమం ఆ రోజు అరగంటైంది. నాకు ఏ మాత్రం అభ్యంతరం కలగలేదు.

ఒక ముత్తవ్వగారు సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ను రాత్రికి ఒకటి చొప్పున మునిమనవడికి చదివి వినిపిస్తున్నారు. నూరు కథలు కాబట్టి నూరు రాత్రుల లెక్క. పిల్లవాడు బాపు బొమ్మ చూసి కథను ముందే ఊహిస్తాడని, అతని కథ ఒక్కోసారి అసలు కథకంటే పొడవుగా ఉంటుందని ఆవిడ చెప్పినప్పుడు, ఆ పిల్లవాడి ఊహను కూడా నోటు పుస్తకంలో రాయమని మేమందరం అడిగాం.

నాకు అన్నింటికంటే ఎక్కువగా మనసులో నిలిచింది ఒక బ్యాంకు ఉద్యోగి ‘వనవాసి’ గురించి మాట్లాడిన సాయంత్రం. విభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం చేసిన అనువాదమది. కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతున్న సత్యచరణ్ బీహారు అడవుల్లో ఒక జమీందారీకి మేనేజరుగా వెళతాడు. అడవిని కొలిచి, నరికించి, రైతులకు కౌలుకు ఇవ్వడం అతని పని. వెళ్లిన కొద్ది రోజులకే ఆ అడవిని అతను ప్రేమించడం మొదలుపెడతాడు. మా సభ్యుడు చదువుతున్న చోట యుగళప్రసాద్ అనే మనిషి వస్తాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ విత్తనాలూ తెచ్చి, ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, అడవిలోని సరస్సు ఒడ్డున నాటుతుంటాడు. ఆ పేరా చదివాక ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, తాను రుణాల విభాగంలో పనిచేస్తున్నానని, నగరం చుట్టూ లేఔట్లకు ఇచ్చిన రుణాల కాగితాల మీద తన సంతకాలు ఎన్ని ఉన్నాయో లెక్క లేదని, సత్యచరణ్ చేతిలోని కలం తన చేతిలో కూడా ఉన్నట్టు అనిపించి ఆ పుటను దాటలేకపోతున్నానని చెప్పారు. పుస్తకం పూర్తయ్యాక మాట్లాడి ఉంటే ఆయన బహుశా పర్యావరణం గురించి మంచి ఉపన్యాసం ఇచ్చేవారు. మధ్యలో మాట్లాడారు కాబట్టి ఈ మాట చెప్పారు.

చదవడం మధ్యలో వదిలేసిన పుస్తకం గురించి చెప్పే స్వేచ్ఛ కూడా ఇక్కడ ఉంది. నోటు పుస్తకంలో ‘ఆపేశాను’ అని రాయించుకోవచ్చు, కారణం మాత్రం చెప్పాలి. నా పేరు ఎదురుగా ఆ మాట రెండుసార్లు ఉంది. గొప్ప నవలగా పేరున్న దాన్ని ఎక్కడ వదిలేశారో చెప్పడానికి మన సాహిత్య సభల్లో ఎవరూ ధైర్యం చేయరు; చేసినా విన్నవారు చులకనగా చూస్తారు. ఇక్కడ నన్నెవరూ అలా చూడలేదు. ఒకాయన మాత్రం నేను ఆగిన చోటు నుంచి రెండు పేజీలు పైకి చదివి వినిపించి, ‘‘ఇక్కడి వాక్యం నోటితో చదవాలి సార్, కంటితో కాదు’’ అన్నారు. ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచాను.

దృష్టి మందగించిన ఒక సభ్యుడు ఫోన్‌లో పుస్తకాలు వింటారు. వినడం చదవడం కిందికి వస్తుందా అన్న వాదం ఒక సాయంత్రం కొంత ఘాటుగానే సాగింది. నా అభిప్రాయంలో ఆ ప్రశ్నే అనవసరం. భారతాన్నీ భాగవతాన్నీ పురాణ కాలక్షేపాల్లో విని నేర్చుకున్న తరాలు మన వెనుక ఉన్నాయి. నిర్వాహకురాలు ఆయన ఎన్ని గంటలు విన్నారో రాసుకుని వాదాన్ని ముగించారు.

ఇక లోపాల సంగతి. మొదటిది, సమయపాలన. ఆటల పేర్ల సాయంత్రం లాంటివి అరుదు. ఎక్కువసార్లు ఒకరిద్దరు పెద్దలు అయిదు నిమిషాలను ఇరవై చేసేది తమ పాత పరిచయాల గురించి, రచయితలతో తాగిన కాఫీల గురించి చెప్పడానికే. వారి జ్ఞాపకాలకు విలువ ఉంది. అయితే చివరి వరుసలో కూర్చున్న కాలేజీ పిల్లల వంతు వచ్చేసరికి ఆరు దాటుతుంది, వారు పుస్తకం పేరు మాత్రం చెప్పి కూర్చుంటారు. గత వేసవిలో ముగ్గురు విద్యార్థులు వరుసగా రెండు నెలలు ఇలా కూర్చుని, మూడో నెల రాలేదు. ఇది చిన్న నష్టం కాదు. వంతులను చివరి వరుస నుంచి మొదలుపెట్టమని నేను రాతపూర్వకంగా అడిగాను. ఒక నెల పాటించారు, తరువాత మరిచిపోయారు.

రెండవది, అరువు పుస్తకాల అలమర. సభ్యులు ఇచ్చినవి సుమారు రెండు వందల పుస్తకాలున్నాయి, ఎవరైనా తీసుకెళ్లవచ్చు. తీసుకెళ్లినవారి పేర్లు రాసే పద్ధతి మాత్రం లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద ఎంతో వెతికి కొన్న ఒక పాత కథల సంపుటాన్ని నేను అక్కడ పెట్టాను. ఇప్పుడది ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. చదివేవారి దగ్గరే ఉంటుందనుకుంటున్నాను కానీ, 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం వెలసిన ఈ నగరంలో, పుస్తకం ఇచ్చి పుచ్చుకోవడానికి ఒక చిట్టా పెట్టుకోలేమా అన్న బాధ మాత్రం ఉంది. అంత పెద్ద నోటు పుస్తకంలో వెనుక నాలుగు పేజీలు ఇందుకు చాలు.

మూడవది, వ్యక్తిత్వ వికాస పుస్తకాల పేరుతో ఫోన్‌లో చూసిన సారాంశాలను వల్లించేవారు. పుస్తకం చేతిలో ఉండాలన్న నియమాన్ని కచ్చితంగా అమలు చేస్తే ఇది దానంతట అదే తగ్గుతుంది. హాలులో రెండు ఫ్యాన్లే పనిచేస్తాయి కాబట్టి వేసవిలో వెళ్లేవారు కిటికీ వైపు కూర్చోవడం మంచిది. టీ బాగుంటుంది.

రచన నేర్చుకోవాలని, ప్రముఖులను కలవాలని వెళ్లేవారికి ఈ బృందం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఇక్కడికి ప్రముఖులెవరూ రారు. ఉద్యోగం, సంసారం మధ్య నెలకు వంద పేజీలైనా దాటలేకపోతున్నామని సిగ్గుపడి ఎవరితోనూ పుస్తకాల మాట ఎత్తనివారు మాత్రం తప్పక వెళ్లాలి. మొదటి నెల ఊరికే కూర్చుని వినవచ్చు, రుసుము అడగరు. నలుగురి ముందు మాట్లాడటానికి జంకేవారు పేరాను మాత్రం చదివి కూర్చున్నా సరిపోతుంది.

బ్యాంకు ఉద్యోగి ‘వనవాసి’ని ఇంకా ముగించలేదు. పోయిన నెల ఆయన వంతు వచ్చినప్పుడు, యుగళప్రసాద్ తరువాత పదిహేను పేజీలు దాటానని చెప్పి, తమ కాలనీ పార్కు గోడ పక్కన మూడు కానుగ మొక్కలు నాటానని చెప్పారు. నిర్వాహకురాలు రెండు సంగతులనూ ఒకే వరుసలో రాసుకున్నారు.